వింతకు చిరునామా ఉండాలి

జె.బి.ఎస్. హాల్డేన్ అస్థిపంజరాన్ని మన కాకినాడలో భద్రపరిచారు. డార్విన్ ప్రతిపాదించిన ప్రకృతి వరణాన్ని లెక్కలతో నిలబెట్టిన తొలి ముగ్గురిలో ఆయన ఒకరు. తొలినాటి సముద్రాల్లో రసాయనాలు కలిసే భూమి మీద జీవం మొదలై ఉంటుందని 1929లోనే రాసినవారు. 1892లో ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టిన అలాంటి మనిషి దేహం రంగరాయ వైద్య కళాశాలకు చేరింది. ఇంటర్నెట్‌లో నాకు తగిలిన వింతలన్నిటిలోకీ నన్ను ఎక్కువగా కుదిపింది ఇదే.

ఇది వెతికితే దొరికింది కాదు. తమ మీద తామే ప్రయోగాలు చేసుకున్న శాస్త్రవేత్తల గురించి ఒక రాత్రి చదువుతున్నాను. రక్తంలో ఆమ్లం పెరిగితే శ్వాస ఏమవుతుందో తెలుసుకోవడానికి అమ్మోనియం క్లోరైడ్ కలిపిన నీళ్లు తాగిన మనిషి కనిపించాడు. మునిగిన జలాంతర్గామిలోంచి ప్రాణాలతో ఎలా బయటపడాలో తేల్చడానికి ఒత్తిడి గదుల్లో తానే కూర్చుని మూర్ఛలు తెచ్చుకున్నదీ ఆయనే. ఎవరీయన అని చదువుతూ పోయాను. 1956లో సూయజ్ కాలువ కోసం బ్రిటన్ చేసిన దాడిని నిరసిస్తూ 1957లో భారతదేశానికి వచ్చేశారు. 1961లో ఇక్కడి పౌరసత్వం తీసుకున్నారు. 1964 డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో క్యాన్సర్‌తో చనిపోయారు. అప్పటికి ఆరేళ్ల వయసున్న కాకినాడ వైద్య కళాశాలకు తన దేహాన్ని రాసిచ్చారు. చనిపోయాక తాను ఉన్నా లేకపోయినా ఆ శరీరంతో తనకు పని ఉండదు కాబట్టి అది ఇతరులకు ఉపయోగపడాలని వీలునామాలో రాశారు. దాన్ని శీతలీకరించి భద్రపరచడం కుదిరితే ఆ ఖర్చే తన ఆస్తిలోంచి ముందుగా తీయాలని కూడా రాశారు. ఆయనతో కలిసి పనిచేసిన జన్యుశాస్త్రవేత్త ద్రోణంరాజు కృష్ణారావుది కాకినాడకు కూతవేటు దూరంలోని పిఠాపురం.

కాకినాడలోనే పుట్టి పెరిగిన మా పెదనాన్నగారికి ఫోన్ చేసి చెప్పాను. "అంత పెద్దాయనా? మన ఊళ్లోనా? ఇన్నేళ్లూ నాతో ఎవరూ అనలేదే!" అన్నారు. ఆ గొంతులో ఆశ్చర్యంతో పాటు కొంచెం నొప్పి కూడా ఉంది. ఆయన రోజూ పొద్దున్నే నాకు వింతలు పంపుతారు. పెరూ ఎడారిలో ఆకాశం నుంచి స్పష్టంగా కనిపించే గీతల బొమ్మలు, సముద్రం అడుగున వెలుగు చిమ్మే చేపలు, ఈజిప్టు సమాధులు. లోకంలోని వింతలన్నీ తెలిసిన మనిషికి సొంత ఊళ్లోని వింత తెలియకపోవడం ఆయన తప్పు కాదు. ఆయన చదవగలిగిన చోట, ఆయన భాషలో, దాన్ని ఎవరూ వివరంగా రాసిపెట్టలేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

ఇంటర్నెట్‌లో వింతలు చదవడం పనిలేనివాళ్ల పని అనే మాటను నేను ఒప్పుకోను. బడిలో నేర్పని చరిత్ర, పాఠాల్లోకి రాని భూగోళం నాకు ఆ దారిలోనే దొరికాయి. కాకపోతే ఒక షరతు ఉంది. వింత కంటబడగానే ఇది ఏ ఊళ్లో జరిగింది, ఏ సంవత్సరంలో, ఎవరు చూశారు, మొదట ఎవరు రాశారు అని అడగాలి. ఆ ప్రశ్నలకు నిలబడిన వింత జ్ఞానం అవుతుంది. నిలబడనిది ఎంత గొప్పగా ఉన్నా పుకారే. మన గోదావరి డెల్టా మీద ఈ రెండు రకాలూ పుష్కలంగా ఉన్నాయి. మనం తెలుగులో ఎక్కువగా పంచుకుంటున్నది రెండో రకాన్ని కావడమే నా బాధ.

కాకినాడ దగ్గరి పాత రేవు కోరంగి సంగతి చూడండి. ప్రపంచంలోని ఘోరమైన తుఫానుల జాబితా ఏ భాషలో తెరిచినా అందులో మన కోరంగి ఉంటుంది. 1839 నవంబర్ 25, నలభై అడుగుల ఉప్పెన, మూడు లక్షల మరణాలు, ఇరవై వేల ఓడల ధ్వంసం. ఒక జాబితా నుంచి ఇంకో జాబితాకు ఈ అంకెలు అక్షరం మారకుండా వెళుతున్నాయి. తెలుగులో వచ్చే వీడియోలు వాటికి ఏదో ఒక యూరోపియన్ సముద్ర చిత్రాన్ని జోడించి, విషాద సంగీతం పెట్టి వినిపిస్తాయి. మొదటిసారి చదివినప్పుడు నాకూ ఒళ్లు గగుర్పొడిచింది. తరువాత ఆ అంకెలను నేలమీద పెట్టి చూడాలనిపించింది.

ఇరవై వేల ఓడలు. ఒక్కొక్కటి పది మీటర్ల చిన్న పడవే అనుకున్నా, ఒకదాని వెనుక ఒకటి నిలబెడితే రెండు వందల కిలోమీటర్లు. దాదాపు కాకినాడ నుంచి విజయవాడ దాకా. తాళ్లరేవు దాటి కోరంగి పాయ ఒడ్డున నిలబడిన ఎవరికైనా, ఆ నీళ్లలో ఇరవై వేల నావలను ఊహించడం ఎంత కష్టమో తెలుస్తుంది. ఇక మూడు లక్షల మంది. అప్పటి రాజమండ్రి జిల్లా జనాభా 1821లో సుమారు 7,38,000. 1841లో సుమారు 5,61,000. అంటే ఇరవై ఏళ్లలో మొత్తం తగ్గుదల లక్షా డెబ్బై ఏడు వేలు. ఆ ఇరవై ఏళ్లలోనే 1832-33 నాటి నందన కరువు ఉంది, దాని వెంట పంటలు పోయిన ఏళ్లు ఉన్నాయి, ఊళ్లు విడిచిపోయిన జనం ఉన్నారు. అవన్నీ కలిపినా రెండు లక్షలకు చేరని లెక్కలో ఒక్క రాత్రి మూడు లక్షల చావులు ఇమడవు.

ఆ ఇరవై వేలు ఎక్కడిదనే దానికి నాకొక అనుమానం ఉంది. కోరంగిని ముంచిన ఉప్పెన ఇంకొకటి అంతకు యాభై ఏళ్ల ముందు, 1789 డిసెంబర్‌లో వచ్చింది. సైక్లోన్ అనే పేరు పెట్టిన హెన్రీ పిడింగ్టన్ దాన్ని వర్ణించాడు: ఒకదాని తరువాత ఒకటిగా మూడు రాక్షస కెరటాలు వచ్చాయని, ఇరవై వేల జనాభా ఉన్న పట్నం కొట్టుకుపోయిందని. అక్కడ ఇరవై వేలు మనుషులు. 1839 కథలో ఇరవై వేలు ఓడలు. రెండు ఉప్పెనలను కలిపి చెప్పుకునే క్రమంలో ఒక కథలోని అంకె ఇంకో కథకు అంటుకుని ఉంటుందని నేను అనుకుంటున్నాను. 1839 నాటి దెబ్బ చిన్నదని నేను అనడం లేదు. అయితే ఊరు అంతటితో తుడిచిపెట్టుకుపోయిందనే ముగింపు కూడా సరికాదు. ఆ తరువాతి దశాబ్దాల్లోనే ఈ తీరం నుంచి వేలమంది రంగూన్‌కు ఓడలెక్కారు. బర్మాలో తెలుగువాళ్లందరినీ కోరంగీలని పిలిచేంతగా ఆ రేవు పేరు సముద్రం దాటింది.

మడ అడవుల్లోకి బోటు నడిపే ఒక పెద్దాయనను 1839 గురించి అడిగాను. "అంత పాత సంగతి మాకు తెలియదండి. మా ఇళ్లలో చెప్పుకునేది 96 తుఫానేనండి" అన్నారు. 1996 నవంబర్ 6 రాత్రి. వేటకు వెళ్లిన బోట్లు తిరిగి రాలేదు. ఆయన బోటును పాయ మలుపులో ఆపి, బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకు వచ్చిన మడచెట్ల శ్వాసవేళ్లను చూపించారు. నీటి పోటు తగ్గిన వేళ కావడంతో వేళ్ల మధ్య చిన్న ఎర్రపీతలు పరుగులు పెడుతున్నాయి. "ఈ చెట్లు దట్టంగా ఉన్న వైపు నీళ్లు నెమ్మదిగా వచ్చాయండి. లేనివైపు గోడలా వచ్చింది" అన్నారు. నాకు కావలసిన సాక్ష్యం అది. మూడు లక్షలు అనే అంకె వినగానే మనిషి ఆశ్చర్యంతో చేతులెత్తేస్తాడు. చెట్టున్న వైపు, లేనివైపు అనే మాట విన్నవాడు ఏం చేయాలో ఆలోచిస్తాడు. తప్పుడు వింత వల్ల నష్టం ఏమిటని నన్ను అడిగేవాళ్లకు నా సమాధానం ఇదే. అది నిజమైన వింతకు ఉండాల్సిన చోటును ఆక్రమిస్తుంది. జిల్లా జనాభాలో దాదాపు నాలుగో వంతు ఇరవై ఏళ్లలో తరిగిపోవడం, ఆ క్షీణత మీద నివేదికలు నడవడం, 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలై 1852కు పూర్తి కావడం, ఇదంతా ఒకే కథ. ఆ నిజం ఏ వీడియోలోనూ నాకు తగల్లేదు. దానికి విషాద సంగీతం అవసరం లేదు.

1789 అనగానే ఇంకొకటి చెప్పాలి. ఈ పరిశోధనలో నన్ను ఎక్కువ సంతోషపెట్టింది అది. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లాండ్ వైద్యుడు 1781 నుంచి 1793 దాకా సామర్లకోటలో ఉన్నాడు. భారతీయ వృక్షశాస్త్ర పితామహుడని ఆయనకు పేరు. మిరియం, చెరకు, నీలిమందు లాంటివి ఇక్కడి నేలలో పెంచి చూశాడు. దానితో పాటు వానను, ఎండను కొలిచి రాసుకునేవాడు. కోరంగిని ఉప్పెన ముంచిన ఆ 1789 నుంచే వరుసగా కొన్నేళ్లు వానలు మొహం చాటేశాయి. ఉత్తర సర్కారులని పిలిచిన ఈ కోస్తా ప్రాంతంలో ఘోరమైన కరువు. రాక్స్‌బర్గ్ ఆ వానలేమిని కొలతలతో నమోదు చేశాడు.

రెండు వందల ఏళ్ల తరువాత, 1998లో, రిచర్డ్ గ్రోవ్ అనే పర్యావరణ చరిత్రకారుడు నేచర్ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించాడు. పసిఫిక్ సముద్రం వేడెక్కి వానలను తారుమారు చేసే ఎల్ నినో 1789-93 మధ్య ప్రపంచమంతటినీ కుదిపిన తీరు మీద అది. అప్పుడే స్థిరపడుతున్న ఆస్ట్రేలియా వలస కాలనీలో కరువు, మెక్సికోలో ఎండిన చెరువులు, దక్షిణ భారతంలో వర్షాభావం, అన్నీ ఒకే గొలుసులోని లంకెలని చూపించాడు. ఆ గొలుసులో మన లంకె సామర్లకోట కొలతలు. పసిఫిక్ మహాసముద్రం వేడెక్కితే ఏమవుతుందో చెప్పే చరిత్రకు, కాకినాడ వెళ్లేవాళ్లు రైలు మారే ఆ జంక్షన్ ఊరు సాక్ష్యం ఇచ్చింది.

ఇందులో నన్ను నిలబెట్టేసిన వివరం మరొకటి ఉంది. ఇలాంటి కరువు ఇంతకుముందు వచ్చిందా అని రాక్స్‌బర్గ్ ఆరా తీశాడు. పిఠాపురం రాజావారి వంశపు పాత పత్రాల్లో సుమారు వందేళ్ల కిందటి, అంటే పదిహేడో శతాబ్దం చివరి నాటి, భయంకరమైన కరువు ప్రస్తావన ఉందని తెలుసుకుని రాసుకున్నాడు. మన ఊళ్లో ఎవరో గుమాస్తానో, పురోహితుడో శ్రద్ధగా రాసి దాచిన వాక్యం ఒక వైద్యుడి ఉత్తరంలోకి, అక్కడి నుంచి వాతావరణ చరిత్రలోకి వెళ్లింది. కాబట్టి రాసిపెట్టడం తెల్లవాళ్ల అలవాటని, మనకు ఆ అలవాటు లేదని అనేవాళ్లతో నేను గట్టిగా విభేదిస్తాను. రాసినవాళ్లు మనకూ ఉన్నారు. ఆ కాగితాలను వెతికి చదివే ఓపికను మనం పోగొట్టుకున్నాం.

చిన్నచిన్నవి ఇంకా ఉన్నాయి. యూరప్‌లో ఇప్పటికీ మడపోలం పేరుతో అమ్ముడయ్యే మెత్తని నూలుగుడ్డకు ఆ పేరు నరసాపురం పక్కనున్న మాధవాయపాలెం నుంచి వచ్చింది. అక్కడ ఈస్టిండియా కంపెనీ బట్టల వర్తకశాల ఉండేది. 1929లో బాల్య వివాహాల నిషేధ చట్టం వచ్చాక, ఆ చట్టం చెల్లని ఫ్రెంచి యానాంలో పెళ్లిళ్లు జోరందుకుని ఆ ఊరికి కల్యాణపురమనే పేరు వచ్చింది. ఈ ముచ్చటను నవ్వుతూ చెప్పుకుంటారు. ఆ పెళ్లిపీటల మీద కూర్చున్నది పసిపిల్లలని గుర్తుంటే నవ్వు రాదు. ఇంగ్లండ్‌కు, ఫ్రాన్స్‌కు మధ్య ఎక్కడెక్కడో నడిచిన ఏడేళ్ల యుద్ధంలోని ఒక పోరు 1758 డిసెంబర్‌లో పిఠాపురం దగ్గరి చందుర్తిలో జరిగింది. వీటిలో ప్రతి ఒక్కటీ ఒక పెద్ద వ్యాసానికి సరిపోతుంది.

రాయి గురించి మాత్రం ఇక్కడే చెప్పి తీరాలి. కోనసీమలో పుట్టినవాళ్లకు తెలుసు, మన నేలలో రాయి లేదు. బావి తవ్వినా, పునాది తీసినా ఒండ్రు, ఇసుక, బంకమట్టి. ఇంటి శ్లాబులో పడే చిప్స్, రోడ్డు మీద పరిచే కంకర, ఏటిగట్టుకు పేర్చే బండ, అన్నీ బయటి నుంచి టిప్పర్ల మీద వచ్చేవే. ఆ నల్లరాయిలో చాలా భాగం కొవ్వూరు అవతల పంగిడి, దేవరపల్లి, గౌరీపట్నం క్వారీలది. ఆ రాయి ఏమిటో ఒక భూగర్భ శాస్త్ర వ్యాసంలో చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అది లావా. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట పశ్చిమాన ఇప్పటి మహారాష్ట్ర ప్రాంతంలో భూమి చీలి పొంగిన లావా, నదీ లోయల వెంట దాదాపు వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి, ఇక్కడ అప్పటి సముద్రపు ఒడ్డుకు చేరి గడ్డకట్టింది. దీని రసాయన స్వభావం మహాబలేశ్వరం కొండల రాయితో సరిపోలుతోందని 2008లో శాస్త్రవేత్తలు చూపారు. భూమి మీద తెలిసిన లావా ప్రవాహాల్లో అన్నిటికంటే పొడవైనవి ఇవే కావచ్చని వాళ్ల అభిప్రాయం.

చదివి ఊరుకోలేక గౌరీపట్నం వెళ్లాను. క్వారీ అంచున నిలబడితే కింద నల్లని గోడ, పైన నల్లని గోడ, మధ్యలో పాలిపోయిన పసుపు తెలుపు కలిసిన పొర స్పష్టంగా కనిపిస్తాయి. నల్లరాయి చేతికి గరుకుగా, బరువుగా ఉంది. మధ్య పొరనుంచి రాలిపడిన పెళ్లను గోటితో గీస్తే పొడి రాలింది. ఒక మూలన గవ్వ ముద్ర లాంటి వంపు కనిపించింది. మొదటి లావాకు, రెండో లావాకు మధ్య విరామంలో సముద్రం వచ్చి పేర్చిన సున్నపు పొర అది. ఆ పొరలోని సూక్ష్మజీవుల అవశేషాలను భూగర్భ శాస్త్రవేత్త గెర్టా కెల్లర్ బృందం పరిశీలించింది. అవి డైనోసార్లు అంతరించిన వెంటనే పుట్టుకొచ్చిన జాతులని, కాబట్టి కింది లావా పారడం ఆ మహావినాశనపు వేళకు దగ్గరగా ముగిసిందని 2008లో తేల్చింది. ఉల్క కూలడం వల్లనా, లావా వల్లనా అని ప్రపంచం వాదించుకుంటున్న విషయంలో మన క్వారీ ఒక ముఖ్యమైన సాక్షి.

అక్కడ పనిచేస్తున్న ఆయనను ఆ తెల్లపొర గురించి అడిగితే, "అది పనికిరాదండి, పక్కన పారబోస్తాం. మాకు నల్లదే కావాలి" అన్నారు. ఆయన చెప్పింది ఆయన పనికి న్యాయమే. ఆ పొర సంగతి నేను చెప్పినప్పుడు క్రషర్ శబ్దంలో నా దగ్గరికి వచ్చి మరీ విన్నారు. "అయితే మా ఇంటి మెట్లు డైనోసార్ల నాటివన్నమాట. పిల్లలకు చెబుతానండి" అన్నారు. ఇలాంటివి ఎవరికి కావాలని విసుక్కునేవాళ్లకు ఆయన ముఖం చూపించాలని ఉంది. జనానికి ఆసక్తి లేదనే మాట నేను నమ్మను. మనం వాళ్లకు చేరేలా చెప్పడం లేదు.

ఇవన్నీ ఇంగ్లిషులో ఉన్నాయి కదా, మళ్లీ తెలుగులో ఎందుకు అని ఒక స్నేహితుడు వాదించాడు. ఇంగ్లిషులో ఉన్నవి ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. భూగర్భ శాస్త్రవేత్తకు పంగిడి రాయి తెలుసు, ఆ రాయి కోనసీమ ఇళ్ల పునాదుల్లో ఉందని తెలియదు. వాతావరణ చరిత్రకారుడికి సామర్లకోట వానలేమి తెలుసు, అదే ఏడాది పక్కన కోరంగి మునిగిందన్న సంగతితో ఆయనకు పని పడకపోవచ్చు. ఆ ముక్కలను పక్కపక్కన పెట్టి చూడగలిగినవాళ్లు ఇక్కడ ఉండేవాళ్లే. బోటు పెద్దాయన చెప్పిన మడచెట్ల మాట ఏ విదేశీ పత్రికలోనూ దానంతట అది చేరదు. అది మనం రాస్తేనే ఉంటుంది. రాసేటప్పుడు, ఎంత మంచి ముచ్చటైనా, ఊరి పేరు, సంవత్సరం, చూసినవాళ్లు లేకుండా రాయకూడదని నా పట్టుదల.

ప్రస్తుతం నేను వెతుకుతున్నది రాక్స్‌బర్గ్ బొమ్మల గురించి. కోరమాండల్ తీరపు మొక్కల మీద 1795 నుంచి ఆయన పేరున మూడు సంపుటాలు వెలువడ్డాయి, వాటిలో మూడు వందల చిత్రాలున్నాయి. ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా తెరిచి చూడవచ్చు. తొలి చిత్రాల్లోనే చిరివేరు ఉంది. ఇసుక నేలల్లో సన్నగా, నేలబారుగా పెరిగే మొక్క. దాని పొడవాటి వేరు నుంచే మన తీరపు అద్దకపు బట్టలకు ఎరుపు వచ్చేది. చిత్రంలో ఆకు కంటే పువ్వు కంటే వేరునే శ్రద్ధగా వేశారు. ఆ మొక్క విలువ ఎక్కడుందో తెలిసిన చెయ్యి అది. ఈ బొమ్మలు వేసింది భారతీయ చిత్రకారులు. వాళ్ల పేర్లు ఆ పుస్తకంలో అచ్చు కాలేదు. సామర్లకోట, పెద్దాపురం, పిఠాపురం చుట్టుపక్కల ఏ ఇంట్లోనైనా, తమ పూర్వీకులు దొరగారి తోటలో మొక్కల బొమ్మలు వేసేవారన్న మాట తరాలుగా వినబడుతూ ఉంటే, దయచేసి రాయండి. ఏ ఊళ్లో విన్నారో, ఎవరు చెప్పారో, ఏ ఏడాదిలో చెప్పారో కూడా రాయండి.